గేటు దాటని రికార్డింగు

ఒంగోలులో వ్యవసాయ శాఖ కార్యాలయం మేడ మీది గదిలో, పదకొండు దాటాక, ఒక కౌలు రైతు తన ఫోను తీసి విచారణ అధికారి బల్ల మీద పెట్టాడు. తెర మీద రికార్డింగు పేరు, తేదీ, పక్కనే అతని మిరప తోట చిన్న బొమ్మగా కనిపిస్తున్నాయి.

"ఇందులో ఉందండీ. మీరే చూడండి," అన్నాడు.

అధికారి ఆ బొమ్మ మీద వేలు పెట్టారు. గుండ్రటి గీత ఒకటి తిరగడం మొదలుపెట్టింది. చాలాసేపు తిరిగింది. చివరికి ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. విత్తన కంపెనీ తరఫున వచ్చినాయన ముందుకు వంగి దాన్ని పైకి చదివి, అడగకుండానే తెలుగులో చెప్పాడు: "ఇంట్లో పెట్టె కనపడట్లేదు, వైఫై సరిచూసుకోండి అంటోందండీ."

"ఏ ఇల్లయ్యా?" అని అధికారి అడిగారు.

"మాది కాదండీ. సారు వాళ్ళిల్లు."

"ఆ సారేరీ?"

"మైలలో ఉన్నారండీ."

ఆ సారు నేనే. అమ్మ పోయి ఆ రోజుకు తొమ్మిదో రోజు. ఆ గదిలో జరిగింది నేను కళ్ళారా చూడలేదు. తరవాత అతన్ని, అక్కడే ఉన్న విత్తనాల డీలరును, ఆఫీసు అటెండరును విడివిడిగా అడిగి, ముగ్గురి మాటలూ కలిసిన మేరకే రాస్తున్నాను. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ వార్త అలాగే రాశాను.

మా ఊరు దర్శి అవతల ఉంది. సాగరు కాలువ నీళ్ళు చివరికి వచ్చేసరికి ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. నల్లరేగడి నేల. పత్తి, మిరప తప్ప మరొకటి వేసేవాళ్ళు తక్కువ. ఉద్యోగం అయిపోయాక ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాం. అమ్మకు పక్షవాతం వచ్చాక మంచం హాల్లో వేయాల్సి వచ్చింది. బాత్రూము దగ్గరగా ఉన్నది ఆ ఒక్క గదికే. టీవీ కూడా హాల్లోనే. ఆ మోత ఆమె భరించలేకపోయేది. నోట మాట పడిపోయింది గనక, మంచం పట్టీ మీద గోటితో కొట్టేది, ఆపమని.

అందుకని రికార్డు చేసుకునే సెట్‌టాప్ బాక్సు తెచ్చాను. లోపల హార్డుడిస్కు ఉంటుంది. ఏ కార్యక్రమం కావాలో చెప్పి పెడితే, టీవీ ఆపేసి ఉన్నా అది పట్టి ఉంచుతుంది. ఇంట్లో వైఫై ఉంటే, పట్టి ఉంచినదాన్ని వేరే గదిలో ఫోనులోనో లాప్‌టాప్‌లోనో చూసుకోవచ్చు. మా ఆవిడ ముందురోజు సీరియల్ని వంటింట్లో గోంగూర ఒలుస్తూ ఫోనులో చూసేది. నేను మేడ మీద పాత లాప్‌టాప్‌లో వార్తలు చూసేవాణ్ణి. హాల్లో టీవీ నల్లగా ఉండేది. దాని పక్కన అమ్మ పడుకునేది. ఇల్లంతా ఒకే పెట్టెలోంచి చూస్తున్నా, ఒకరు చూసేది ఇంకొకరికి వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దానికి ఆరేడు నెలల్లో అలవాటు పడ్డాం.

దానికి ఒక హద్దుంది. ఫోను ఆ రికార్డింగును చూపిస్తుందే గాని, తనలో దాచుకోదు. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, కుళాయిలో నీళ్ళు ఉండవు. మా వైఫై వరండా దాకా బాగా అందుతుంది, గేటు దగ్గర తడబడుతుంది, గేటు దాటితే లేదు. ఈ సంగతి నాకు తెలుసు. వేరేవాళ్ళకు చెప్పాల్సిన విషయమని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

ఆ కౌలు రైతు మా వీధి వెనక నాలుగెకరాలు చేసేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి. ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు, మిగతా ఆరు రోజులూ చేలోనే. ఆ ఏడు అతనూ, ఊళ్ళో మరికొందరూ ఒకే డీలరు దగ్గర ఒకే రకం మిరప విత్తనం తెచ్చి నారు పోశారు. తోట నడుమెత్తు పెరిగింది. చూసినవాళ్ళు దిష్టి తగులుతుందన్నారు. పూత వచ్చి రాలింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రాలింది. నిలిచిన నాలుగు కాయలూ పొట్టిగా, ఉబ్బి, ఆ రకానికి సంబంధం లేకుండా ఉన్నాయి. డీలరు తెగులన్నాడు. రైతులు విత్తనమన్నారు. తెగులైతే ఎవరి ఖర్మ వాళ్ళది. విత్తనమైతే కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలి. గొడవంతా అక్కడే.

డిసెంబరులో కంపెనీ నుంచి ఒక ఉద్యోగి తోట చూడటానికి వచ్చాడు. అదే పొద్దున ఒక చిన్న టీవీ చానలు వాళ్ళు రైతుల కార్యక్రమం కోసం కెమెరాతో వచ్చి ఉన్నారు. రైతు ఒక మొక్కను వేళ్ళతో సహా పీకి ఆ ఉద్యోగి చేతిలో పెట్టాడు.

"తెగులో విత్తనమో చెప్పండి. కెమెరా ముందు అబద్ధం ఆడమాకండి," అన్నాడు.

ఆ ఉద్యోగి కొత్తవాడో, నిజాయితీపరుడో నాకు తెలియదు. మొక్కను తిప్పి తిప్పి చూసి, "తెగులు కాదండీ. విత్తనంలోనే తేడా ఉంది. పైకి రాస్తాను," అన్నాడు. తరవాత ఆ మనిషి మళ్ళీ మా వైపు కనిపించలేదు.

ఆ సాయంత్రం రైతు మా గేటు దగ్గరికి వచ్చాడు.

"సారూ, రేపు పొద్దున్నే మన తోట టీవీలో వచ్చిద్దంట. ఆ టయానికి నేను చేలో ఉంటా. మీ పెట్టెలో పట్టి ఉంచండి."

పట్టి ఉంచాను. మర్నాడు చీకటి పడక ముందే వచ్చాడు. హాల్లో టీవీ పెడితే అమ్మకు ఇబ్బంది. అందుకని అతని ఫోనులోనే ఆ యాప్ వేసి, మా వైఫై కలిపి, వరండాలో కూర్చోబెట్టాను. నాలుగుసార్లు చూశాడు. 'విత్తనంలోనే తేడా ఉంది' అన్న మాట దగ్గర ప్రతిసారీ వెనక్కి జరిపాడు.

"నా ఫోన్లోకి వచ్చేసింది సారూ!" అన్నాడు.

నేను పేపరు చదువుతున్నాను. "ఆఁ," అన్నాను.

చూస్తూ చూస్తూ లేచి, ఇంటికి వెళ్ళి భార్యకు చూపించాలని గేటు దాటాడు. వెంటనే తిరిగి వచ్చాడు. "ఆగిపోయింది సారూ."

"అక్కడ సిగ్నలు అందదయ్యా," అన్నాను, తల ఎత్తకుండానే.

సిగ్నలు అంటే మా ఊరివాళ్ళకు తెలిసింది ఒక్కటే, సెల్ టవరు సిగ్నలు. మా ఊళ్ళో అది ఎప్పుడూ సరిగా ఉండదు. ఫోను మాట్లాడాలంటే వాటర్ ట్యాంకు దగ్గరికి పోవాలి. దర్శిలో నయం. ఒంగోలులో అయితే నిండా ఉంటుంది. కాబట్టి మా గేటు బయట ఆడనిది ఒంగోలులో బ్రహ్మాండంగా ఆడుతుందని అతను లెక్క వేసుకున్నాడు. ఈ లెక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అతని వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు.

చానలు వాళ్ళు ఆ కార్యక్రమాన్ని నెట్‌లో కూడా పెట్టారు. అందులో తోట ఉంది, మొక్క పీకడం ఉంది, ఆ ఉద్యోగి మాట మాత్రం లేదు. ఆ చానలు జిల్లా విలేఖరి ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఫోను చేశాను.

"అసలు కెమెరా చిప్పు ఉందా?"

"ఎక్కడుంటుంది గురువుగారూ, వారానికోసారి తుడిచేసి మళ్ళీ వాడతాం."

"ఆ మాట ఎవరు కోశారు?"

"మీకు తెలియనివా గురువుగారూ," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

అంటే ఆ మాట మిగిలి ఉన్నది మా హాల్లో పెట్టెలో ఒక్కచోటే. ఆ ఎరుక నాకు కొంచెం గర్వంగానే ఉండేది, దాచుకోవడం దేనికి. కత్తిరించిన వార్తలు అట్టపెట్టెల్లో దాచిన రోజుల నుంచీ, ఎవరి దగ్గరా లేని కాగితం నా దగ్గర ఉందంటే నాకు నిద్ర బాగా పట్టేది.

సంక్రాంతి ముగిశాక డీలరు ఒక కాగితం తెచ్చాడు. పంట పోయింది తెగులు వల్ల, అయినా కంపెనీ మంచితనంతో వచ్చే ఏటికి విత్తనం ఉచితంగా ఇస్తుంది, రైతుకు ఇక ఫిర్యాదు లేదు అని దాని సారాంశం. ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు. అతను పెట్టలేదు. బస్టాపు దగ్గర టీ కొట్టులో ఆ రోజు నేనూ ఉన్నాను.

"ఏరా, నువ్వు పెట్టవా?" అని ఒకతను అడిగాడు.

"నేనెందుకు పెడతా? సాక్ష్యం నా జేబులో ఉంది."

"ఒరేయ్, నీ సినిమా రిలీజెప్పుడురా? ఫస్టు షోకి అందరం వస్తాం."

"హీరో నువ్వా, ఆ కాయలేని మొక్కా?" అని ఇంకొకడు.

"నవ్వండిరా, నవ్వండి. నాకు డబ్బులొచ్చిన్నాడు మీరే నా ఎనకాల లైను కడతారు."

జేబులో ఉంది అన్నాడు. విన్నాను. మాటవరస అనుకున్నాను.

రెండు రోజులకు అతని భార్య వచ్చింది. మా ఆవిడతో మాట్లాడుతున్నట్టు వంటింటి గుమ్మంలో నిలబడి, నన్ను చూసి అసలు సంగతి చెప్పింది.

"మీరన్నా చెప్పండి సారూ, సంతకం పెట్టమని. డబ్బు రాకపోతే పోయె, విత్తనాలన్నా వస్తాయి. ఈ ఏడు కౌలు కట్టకపోతే ఆసామి పొలం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాడు. మీ మాటైతే వింటాడు."

నిజమే, నా మాట వింటాడు. "సాక్ష్యం గట్టిదమ్మా. తొందరపడొద్దని చెప్పు," అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళింది. నా జీవితంలో ఎన్నో తప్పు వార్తలు రాశాను, సవరణలు వేసుకున్నాం. దీనికి సవరణ వేసే చోటు లేదు.

అర్జీ నేనే రాసి పెట్టాను. విచారణకు రమ్మని నోటీసు వచ్చింది. అప్పుడు మాత్రం నాకు బుద్ధి వచ్చింది. పెట్టెలోంచి బయటికి తీసే దారి లేదు గనక, టీవీలో పెట్టి, ఎదురుగా ఇంకో ఫోనుతో తెరను వీడియో తీస్తే సరిపోతుంది. గంట పని. అమ్మను ఆ గంటసేపు మా గదిలోకి మార్చాలి, అంతే.

"ఆదివారం చర్చి అయ్యాక రా. దాన్ని పద్ధతిగా తీసి ఇస్తాను," అన్నాను.

"అదెందుకు సారూ, నా ఫోన్లో ఉందిగా."

"అయినా రావయ్యా." అంతకుమించి వివరించలేదు. మందులషాపుకు వెళ్ళే తొందరలో ఉన్నాను.

గురువారం తెల్లవారుజామున అమ్మ పోయింది.

మా ఇళ్ళలో మనిషి పోతే పదకొండు రోజులూ టీవీ పెట్టరు. పెట్టకపోవడమే కాదు, మా అక్క వచ్చీ రాగానే ప్లగ్గు పీకి, తెర మీద తెల్లటి పంచె కప్పింది. టీవీ, బాక్సు, వైఫై పెట్టె, మూడూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. మూడూ ఆరిపోయాయి. వద్దనే మనసు నాకు లేదు. ఏడు నెలలుగా ఆ టీవీ మూగగానే ఉంది, ఇప్పుడు మొహం కూడా కప్పేశారు అనుకున్నాను.

మూడో రోజు అతను పలకరింపుకు వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచి, వరండా చివర బల్ల మీద కూర్చున్నాడు. చుట్టాలు ఉన్నారు, పురోహితుడు ఉన్నాడు. కాసేపటికి అతను లేచి వెళ్ళిపోయాడు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు. వాళ్ళలో ఆ పట్టింపు ఉందో లేదో నాకు తెలియదు. మాకు ఉంది గనక పాటించాడు. మామూలుగా అయితే అతను గేటు దగ్గర ఆగి, "వెళ్ళొస్తా సారూ," అని, ఆ తరవాతే అసలు విషయం మొదలుపెట్టే మనిషి. ఆ రోజు ఆ మాటా లేదు, విషయమూ రాలేదు. నేను తల ఎత్తేసరికి బల్ల ఖాళీగా ఉంది.

ఒక ఫోను చేసి ఉండొచ్చు. విచారణ తొమ్మిదో రోజని నాకు గుర్తుంది. చేయకపోవడానికి దుఃఖం ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వ విచారణ మొదటి తేదీకే జరగడం నేను ఉద్యోగంలో ఉండగా చూసిన గుర్తు లేదు. ఎవరో ఒకరు రారు, ఫైలు దొరకదు, మంత్రి పర్యటన ఉంటుంది, వాయిదా పడుతుంది. పన్నెండో రోజు తీరిగ్గా తీసి ఇద్దామనుకున్నాను. ఆ అధికారి మాత్రం సమయానికి వచ్చారు. కంపెనీవాళ్ళు సమయానికి వచ్చారు. అతను అందరికంటే ముందు మొదటి బస్సుకే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఫోను చేశాడు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"సారూ, ఇంట్లో వైఫై ఆపేశారా?"

"ఆపేశాం."

"అదే అనుకున్నా సారూ. ఇక్కడ సిగ్నలు నిండా ఉంది, మరి ఆడలేదు. సరేలెండి, చావిల్లు కదా, మీరు మాత్రం ఏం చేస్తారు. పెన్ డ్రైవులో వేసుకుని మళ్ళీ రమ్మన్నారు."

మేము వైఫై ఆపకపోయినా అక్కడ ఆడదు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. ఫోనులో చెప్పలేకపోయాను.

పన్నెండో రోజు భోజనాలయ్యాక పంచె తీసి, ప్లగ్గు పెట్టాను. ఈ మధ్యలో నెలవారీ ప్యాకేజీ గడువు ముగిసింది. ఆ రోజుల్లో ఎవరికి గుర్తుంటుంది. వెంటనే రీఛార్జి చేస్తే చానళ్ళన్నీ వచ్చాయి. రికార్డింగుల జాబితా కూడా వచ్చింది. మా ఆవిడ సీరియళ్ళు, నా వార్తలు, మంచాన పడ్డ మొదట్లో అమ్మ విన్న రెండు హరికథలు, ఆ రైతుల కార్యక్రమం, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఒక్కొక్క పేరు పక్కనా చిన్న తాళం బొమ్మ. దేని మీద నొక్కినా తెరుచుకోలేదు.

కస్టమర్ కేర్‌లో ఒకావిడ ఓపిగ్గానే చెప్పింది. "కనెక్షన్ ఒకసారి డీయాక్టివేట్ అయ్యింది కదా సార్, పాత రికార్డింగ్స్ ప్లే అవ్వవండి."

"డిస్కులో ఉన్నాయా, పోయాయా?"

"ఉంటాయి సార్. కానీ ప్లే అవ్వవు."

దర్శి నుంచి మెకానిక్కును పిలిపించాను. పెట్టె విప్పి చూసి, డిస్కును కంప్యూటరుకు తగిలించాడు. నిండా ఉందన్నాడు, అందులో ఏముందో మాత్రం చదవలేమన్నాడు. "తాళంచెవి కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటది సార్. వాళ్ళు ఈయరు." ఆ కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో. మీ ఫిర్యాదు అందింది అని రెండింటికీ ఒకే జవాబు, ఒకే నిమిషంలో వచ్చింది.

అతన్ని పిలిచి, వరండాలో కాదు, హాల్లో టీవీ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అమ్మ మంచం అప్పటికే తీసేశాం. తాళం బొమ్మ చూపించాను. మొదటి నుంచీ అంతా చెప్పాను, కుళాయి పోలికతో సహా. అతను టీవీ వైపు చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న ఫోను వైపే చూస్తూ విన్నాడు.

"అయితే మొదట్నించీ నా ఫోన్లో లేదా సారూ?"

"లేదయ్యా."

"ఆ రోజు నేను వచ్చేసిందంటే మీరు ఆఁ అన్నారు కదా."

"అన్నాను."

మా ఆవిడ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మా ఇంటిదానికి చెప్పమాకండి," అన్నాడు. "పెట్టె చెడిపోయిందని చెబుతా. నా ఫోన్లో లేనేలేదంటే అది నన్ను తిట్టదు, మిమ్మల్ని తిడతది."

ఆమెకు నేనే చెప్పాలని ఇప్పటికి రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ వాళ్ళింటికి తాళం వేసి ఉంది. ఇద్దరూ తెల్లారేసరికి కూలి పనికి పోతున్నారు. నాలుగెకరాలూ ఈ ఏడు వేరే అతను చేస్తున్నాడు. సంతకాలు పెట్టినవాళ్ళకు విత్తనం వచ్చింది. కొందరు నారు పోశారు, కొందరు భయపడి పత్తి పెట్టారు.

నేను ఒంగోలు వెళ్ళి, ప్రత్యక్షంగా చూసిన సాక్షిగా నా వాంగ్మూలం రాసి ఇస్తానన్నాను. తోటలో మీరు ఉన్నారా అని అడిగారు. లేను, టీవీలో చూశాను అన్నాను. గుమస్తా నా కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు, రసీదు ఇవ్వలేదు. మేము బాక్సు తెస్తామన్నా, మీరే మా ఇంటికి వచ్చి చూడండన్నా, దానికి నిబంధన ఏదీ లేదన్నాడు. తెచ్చినా తెరుచుకోదని నేను చెప్పలేదు, అతను అడగలేదు.

సమయానికి వచ్చిన ఆ అధికారి వేసవిలో బదిలీ అయ్యారు. ఆ కుర్చీలోకి ఇంకెవరూ రాలేదు. పక్క విభాగం అధికారి అదనపు బాధ్యతగా చూస్తున్నారు. అర్జీ కొట్టేయలేదు, ఒప్పుకోనూ లేదు. పోయిన సోమవారం నేను కనుక్కునేసరికి, తరవాతి విచారణకు ఇంకా తేదీ వేయలేదు.